కట్టెలు ఏరినవాడు, కట్టెలు పేర్చినవాడు: విశ్రాంతిదినం, బలి గురించి బైబిలులోని వైరుధ్యాలు

సంఖ్యాకాండం పదిహేనో అధ్యాయంలో ఒక చిన్న సంఘటన ఉంది. ఇశ్రాయేలీయులు అరణ్యంలో ఉండగా ఒక మనిషి విశ్రాంతిదినాన, అంటే పని చేయకూడని ఏడో రోజున, కట్టెలు ఏరుతూ పట్టుబడ్డాడు. అతని పేరేమిటో, ఆ కట్టెలు ఎందుకు కావలసి వచ్చాయో గ్రంథం చెప్పదు. అతణ్ణి ఏం చేయాలో తెలియక మొదట కావలిలో ఉంచారు. తరువాత పాళెం వెలుపలికి తీసుకుపోయి రాళ్లతో కొట్టి చంపారు. అయిదు వచనాల్లో (32–36) కథ ముగిసిపోతుంది.

లేవీయకాండం ఆరో అధ్యాయంలో మరో మనిషి చేతిలో కట్టెలు కనిపిస్తాయి. అతను యాజకుడు. బలిపీఠం మీది అగ్ని ఎన్నడూ ఆరిపోకూడదు, ప్రతి ఉదయం దానిమీద కట్టెలు వేసి మండించాలి అని అతనికి ఆజ్ఞ. ప్రతి ఉదయం అన్నప్పుడు విశ్రాంతిదినపు ఉదయం కూడా అందులో ఉన్నట్టే. ఇటు నిర్గమకాండం 35:3 విశ్రాంతిదినాన మీ ఇళ్లలో ఎక్కడా నిప్పు రాజబెట్టవద్దని శాసిస్తుంది. కట్టె అదే, రోజు అదే. ఒకడికి అది మరణశిక్ష తెచ్చిపెట్టింది, ఇంకొకడికి తప్పనిసరి విధి అయింది.

ఈ చిక్కును గమనించడానికి అవిశ్వాసి కానక్కర్లేదు. మత్తయి సువార్త పన్నెండో అధ్యాయంలో యేసే దీన్ని ధర్మశాస్త్ర నియమాల మీద పట్టుదల గల యూదు వర్గమైన పరిసయ్యుల ముందు పెడతాడు: యాజకులు విశ్రాంతిదినాన దేవాలయంలో విశ్రాంతిదినాన్ని ఉల్లంఘించి కూడా నిర్దోషులుగా ఉన్నారని మీరు ధర్మశాస్త్రంలో చదవలేదా? రెండో శతాబ్దపు క్రైస్తవ రచయిత జస్టిన్ యూదుడైన ట్రైఫోతో జరిపిన సంవాదంలోనూ ఇదే ప్రశ్న వస్తుంది. యూదు పండితుల చర్చల సంకలనమైన తాల్ముద్‌లోనూ ఇలాంటి ప్రశ్నలు చాలా చోట్ల ఉన్నాయి. లేఖనాన్ని ప్రాణంగా చూసుకున్నవారే దాన్ని అందరికన్నా నిశితంగా ప్రశ్నించారు. అందువల్ల ఈ వైరుధ్యాలను దాచిపెట్టడం భక్తి కాదు, బయటపెట్టి వెక్కిరించడం జ్ఞానమూ కాదు. అవి అన్నీ ఒకే రకానికి చెందినవి కావు, ఒకే మందుకు లొంగవు. కొన్ని మాట తీరు తెలిస్తే వీడిపోతాయి. కొన్నిటి వెనక రెండు విధుల మధ్య పెద్దచిన్నల నిర్ణయం ఉంటుంది. మరికొన్ని ఎంత విప్పినా వీడవు.

పని అంటే ఏమిటి?

విశ్రాంతిదినం యాజకుడికి తీరిక దినం కాదు, పని ఎక్కువైన దినం. మామూలు రోజున ఉదయం ఒక గొర్రెపిల్ల, సాయంకాలం ఒక గొర్రెపిల్ల నిత్య దహనబలిగా అర్పించాలి. విశ్రాంతిదినాన వాటికి తోడు మరి రెండు ఏడాది గొర్రెపిల్లలు, నూనె కలిపిన పిండి, పానార్పణం ఉండాలని సంఖ్యాకాండం 28:9–10 చెబుతుంది. అంటే బలి రెట్టింపు. ఇంకా ఆ రోజే దేవుని ఎదుట ఉంచే పన్నెండు సముఖపు రొట్టెలను బల్లమీద కొత్తగా అమర్చాలి (లేవీయకాండం 24:8). వధించడం, తోలు ఒలవడం, మంట పెట్టడం లాంటివి మిష్నా అనే ప్రాచీన యూదు నియమాల సంకలనంలో విశ్రాంతిదినాన నిషిద్ధమైన ముప్పై తొమ్మిది పనుల జాబితాలో ఉన్నవే. ఇవే పనులు గుడి బయట చేస్తే నేరం.

దీనికి సమాధానం ఆ గ్రంథం కట్టుబడిలోనే ఉందనిపిస్తుంది. నిర్గమకాండంలో ప్రత్యక్ష గుడారం, అంటే అరణ్యంలో ఆరాధనకు వాడిన డేరా గుడి, ఎలా కట్టాలో పొడుగాటి సూచనలు ఉన్నాయి. అవి ముగిసీ ముగియగానే, 31వ అధ్యాయం 12వ వచనం నుంచి, ఒక హెచ్చరిక వస్తుంది: అయినా నా విశ్రాంతిదినాలను ఆచరించాలి. మళ్లీ 35వ అధ్యాయంలో గుడారపు పని మొదలుకాబోయే ముందు అదే హెచ్చరిక. దేవుని నివాసమే అయినా, దాన్ని కట్టే పని ఏడో రోజున ఆగాలి. కానీ కట్టడం పూర్తయ్యాక అందులో జరిగే సేవ ఆగదు. కట్టడానికీ సేవకీ మధ్య గీత అక్కడ పడింది.

విశ్రాంతిదినాన మానవలసిన పనికి హెబ్రీలో మెలాఖా అని పేరు. ఏదో ఒక కదలిక, శ్రమ అని కాదు. ఒకదాన్ని రూపొందించే పని, వస్తువును మరో వస్తువుగా మలిచే పని అని దాని భావం. ఆదికాండం 2:2లో దేవుడు ముగించినది మెలాఖా. నిర్గమకాండం 40:33లో మోషే గుడారాన్ని నిలబెట్టి ముగించినదీ మెలాఖాయే. రెండు చోట్లా వాక్యం ఇంచుమించు ఒకే అచ్చులో ఉంది. లోకాన్ని కట్టడం ముగిసిన చోట దేవుని విశ్రాంతి మొదలైంది. గుడారం కట్టడం ముగిసిన చోట ఆరాధన మొదలైంది. ఈ లెక్కన యాజకుడు వేసే కట్టె దేన్నీ కొత్తగా కట్టడం లేదు, ముగిసిన దాని లోపల నిలబడి ఉంది. రబ్బీలు, అంటే యూదు మతగురువులు, మరో చిన్న ఆధారం కూడా పట్టుకున్నారు. నిప్పు గురించిన నిషేధంలో ‘మీ ఇళ్లలో’ అన్న మాట ఉంది. దేవాలయం ఎవరి ఇల్లూ కాదు.

తాల్ముద్‌లో హిల్లెల్ అనే యూదు పండితుడి గురించిన కథ ఇక్కడ గుర్తుకు రాక తప్పదు. ఒక ఏడాది, ఐగుప్తు (ఈజిప్టు) దాస్యం నుంచి విడుదలను తలచుకునే పస్కాపండుగ ముందురోజు, పస్కా గొర్రెపిల్లను వధించవలసిన రోజు, విశ్రాంతిదినాన పడింది. వధించవచ్చా లేదా అన్నది అప్పటి పెద్దలకు జ్ఞాపకం రాలేదు. బబులోను నుంచి వచ్చిన హిల్లెల్‌ను అడిగారు. అతని మొదటి జవాబు లెక్కల రూపంలో ఉంది: మనకు ఏడాదికి ఒక్క పస్కాయేనా, విశ్రాంతిదినాన్ని దాటిపోయే పస్కాలు రెండు వందలకు పైగా లేవా? వారానికి నాలుగు గొర్రెపిల్లల చొప్పున ఏడాది పొడవునా విశ్రాంతిదినాల్లో అర్పించే బలులను అతను దృష్టిలో పెట్టుకున్నాడు. ఆ తరువాత నిత్యబలి గురించీ పస్కా గురించీ ‘దాని నియామక కాలమందు’ అన్న ఒకే మాట వాడారు కాబట్టి రెంటికీ ఒకే న్యాయమని వాదించాడు. ప్రతి వారం కళ్లెదుట జరుగుతున్నదాన్ని మనిషి నియమంగా గుర్తించడు, అలవాటుగా మాత్రమే చూస్తాడు. హిల్లెల్ ఆ అలవాటు లోపలి నియమాన్ని చూపించాడు.

యోహాను సువార్త 7:22–23లోని వాదం కూడా ఇదే దారి పడుతుంది. ఎనిమిదో రోజున సున్నతి చేయాలని ఒక ఆజ్ఞ. ఆ ఎనిమిదో రోజు విశ్రాంతిదినమైతే సున్నతే గెలుస్తుంది. రెండు విధులు ఎదురుపడినప్పుడు ఏది పెద్దదో తేల్చవలసి రావడం ప్రతి న్యాయవ్యవస్థలోనూ ఉన్నదే. కట్టెలు ఏరినవాడి మరణం మాత్రం ఈ వివరణతో తేలిక కాదు. ఆ కథలోని కాఠిన్యాన్ని ఏ శబ్దవిచారమూ తగ్గించలేదు. తగ్గించినట్టు నటించడమూ న్యాయం కాదు.

‘ఇవి నాకు అసహ్యం’

ధర్మశాస్త్రం లోపలి చిక్కులు ఒక ఎత్తు, ప్రవక్తల మాటలు మరో ఎత్తు. నిర్గమకాండం 31లో విశ్రాంతిదినం తరతరాల నిబంధన, దేవునికీ ఇశ్రాయేలుకూ మధ్య నిత్యమైన గురుతు. యెషయా మొదటి అధ్యాయంలో అదే దేవుడు అమావాస్యనూ విశ్రాంతిదినాన్నీ తాను సహించలేనంటాడు. పొట్టేళ్ల దహనబలులు తనకు వెగటు పుట్టించాయంటాడు. నా ఆవరణాలను తొక్కమని మిమ్మల్ని ఎవరడిగారంటాడు. మీరే కదా అడిగింది అని లేవీయకాండం చేతిలో పట్టుకున్న పాఠకుడు అనుకోకుండా ఉండలేడు. ఆమోసు అయిదో అధ్యాయంలో పండుగల మీద ద్వేషం, పాటల మీద విసుగు. హోషేయ రెండో అధ్యాయంలో ఇశ్రాయేలు విశ్రాంతిదినాలన్నిటినీ మాన్పిస్తానన్న బెదిరింపు.

దీన్ని చూసి చాలామంది తేలికైన తీర్పు ఇచ్చేస్తారు: యాజకులు కర్మకాండ వైపు, ప్రవక్తలు నీతి వైపు, ప్రవక్తలు బలినీ విశ్రాంతిదినాన్నీ తోసిపుచ్చారు. ఈ తీర్పు యెషయా ఒకటో అధ్యాయంలోనే, మరి రెండు వచనాల దూరంలో, కూలిపోతుంది. పదిహేనో వచనంలో దేవుడు ప్రార్థనను కూడా తోసిపుచ్చాడు. మీరు చేతులు చాపినా కళ్లు తిప్పుకుంటాను, ఎంత ప్రార్థించినా వినను. యెషయా ప్రార్థనకు వ్యతిరేకి అని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అలాంటప్పుడు అదే వాక్యధారలోని బలికి, విశ్రాంతిదినానికి అతను వ్యతిరేకి అని ఎలా అంటాం? కారణం వెంటనే ఉంది: మీ చేతులు రక్తంతో నిండి ఉన్నాయి. ఆ పైన ఏం చేయాలో కూడా ఉంది: కడుక్కోండి, న్యాయం వెదకండి, తండ్రి లేనివాడికి న్యాయం తీర్చండి, విధవరాలి పక్షాన వాదించండి. అసహ్యం ఆ రోజు మీద కాదు, ఆ చేతుల మీద.

అదే యెషయా గ్రంథంలో 56వ అధ్యాయం విశ్రాంతిదినాన్ని ఆచరించే పరదేశిని, నపుంసకుణ్ణి సైతం దేవుని కొండ మీదికి ఆహ్వానించి, వారి దహనబలులు, బలులు అంగీకారమవుతాయని చెబుతుంది. 58వ అధ్యాయం విశ్రాంతిదినాన్ని మనోహరమైనదని పిలవమంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. 56 నుంచి 66 వరకు ఉన్న అధ్యాయాలు బబులోను చెర (యూదులను బబులోనుకు బందీలుగా తీసుకుపోయిన కాలం) తరువాతి కాలానివని ఆధునిక పండితుల్లో అత్యధికులు భావిస్తారు. కాబట్టి ‘ఒకే మనిషి రెండు మాటలూ అన్నాడు’ అన్న వాదన మీద ఎక్కువ బరువు వేయకూడదు. కానీ ఆ అధ్యాయాలను మొదటి అధ్యాయంతో కలిపి ఒకే గ్రంథంగా కూర్చినవారికి ఆ రెంటి మధ్య తెగిపోయేంత విరోధం కనిపించలేదన్నది మాత్రం గట్టి మాటే.

భాష సంగతి కూడా చూడాలి. హోషేయ 6:6 అందరికీ తెలిసిన వచనం: కనికరమే కోరుతున్నాను, బలిని కాదు. సాధారణంగా ఇంతవరకే ఎత్తి చూపుతారు. వచనం రెండో సగంలో ఉంది తాళంచెవి: దహనబలుల కంటె దేవుని గూర్చిన జ్ఞానం నాకు ఇష్టం. హెబ్రీ పద్యంలో రెండు పాదాలు ఒకే భావాన్ని రెండు రకాలుగా చెబుతాయి. మొదటి పాదంలో ‘కాదు’ అన్నది రెండో పాదంలో ‘కంటె’ అయింది. అంటే ఆ ‘కాదు’ పూర్తి నిరాకరణ కాదు, పోలికలో బలాన్ని పెంచే ‘కాదు’. తెలుగులో కూడా ఇది సహజమే. దూరాన ఉన్న కొడుకుతో తల్లి, నీ డబ్బు ఎవరిక్కావాలి, నువ్వు రా అంటుంది. ఆ మాట విని డబ్బు పంపడం మానేసిన కొడుకు తల్లి మాటను అక్షరాలా పాటించినవాడే, ఒక్క ముక్క అర్థం చేసుకోనివాడూ అతనే. ప్రవక్త సమూయేలు రాజైన సౌలుతో అన్నదీ (1 సమూయేలు 15:22) ఇదే సంగతి, సూటి పోలికగా: బలి కంటె మాట వినడం శ్రేష్ఠం.

అయితే ఈ ‘కంటె’ను ప్రతి చోటికీ తగిలించి ప్రవక్తలను మెత్తబరచడం కూడా తప్పే. హోషేయలో రెండో పాదం అందుకు సాక్ష్యమిచ్చింది. ఆమోసు 5:21లో అలాంటి సాక్ష్యం లేదు. అక్కడ ఉన్నది ‘ద్వేషిస్తున్నాను’ అన్న పచ్చి మాట. ఆ మాటను అలాగే విననివ్వాలి.

దాసి కొడుకు ఊపిరి

ఈ మొత్తం వ్యవహారానికి మూలం పది ఆజ్ఞల్లోనే దొరుకుతుంది, అది కూడా ఒక వైరుధ్యం రూపంలోనే. పది ఆజ్ఞలు రెండు చోట్ల ఉన్నాయి. నిర్గమకాండం 20లో విశ్రాంతిదినాన్ని ‘జ్ఞాపకముంచుకో’ అని ఉంది. కారణం, ఆరు రోజుల్లో సృష్టి చేసి దేవుడు ఏడో రోజున విశ్రమించాడు. ద్వితీయోపదేశకాండం 5లో ‘ఆచరించు’ అని ఉంది. కారణం, నువ్వు ఐగుప్తులో దాసుడివిగా ఉన్నావు, దేవుడు నిన్ను విడిపించాడు. రాతి పలకల మీద దేవుడు రాసిన మాటలు రెండు రకాలుగా ఎలా ఉంటాయి? జ్ఞాపకముంచుకో, ఆచరించు అన్న రెండు మాటలూ ఒకే ఉచ్చారణలో వెలువడ్డాయని యూదు సంప్రదాయం చెప్పుకుంది. మనిషి నోరు పలకలేనిది, మనిషి చెవి వినలేనిది అని. ఇది చారిత్రక వివరణ కాదు. రెంటిలో దేన్నీ వదులుకోవడానికి ఇష్టపడని మనసు అది.

ద్వితీయోపదేశకాండం చెప్పిన కారణంలో ఒక చిన్న మాట తీగలా సాగుతుంది: నీ దాసుడు, నీ దాసి నీలాగే విశ్రమించేలా. నిర్గమకాండం 23:12 దీన్ని ఇంకా కిందికి తీసుకుపోతుంది. ఏడో రోజున ఊరుకో, నీ ఎద్దు, నీ గాడిద విశ్రమించేలా, నీ దాసి కొడుకు, పరదేశి సేదదీరేలా. ఆ సేదదీరడానికి వాడిన హెబ్రీ క్రియ ఊపిరితో, ప్రాణంతో ముడిపడిన ధాతువు నుంచి వచ్చింది. అలసినవాడు ఆగి ఊపిరి తీసుకోవడం దాని అర్థం. హెబ్రీ బైబిలు మొత్తంలో ఆ క్రియ మూడే చోట్ల కనిపిస్తుంది. ఒకటి ఈ దాసి కొడుకు విషయంలో. ఒకటి కొడుకు అబ్షాలోముకు భయపడి పారిపోతూ అలసిపోయిన దావీదు విషయంలో (2 సమూయేలు 16:14). మూడోది నిర్గమకాండం 31:17లో, ఏడో రోజున పని మాని ఊపిరి తీసుకున్న దేవుడి విషయంలో.

దేవుడు అలసిపోడని యెషయా 40:28 స్పష్టంగా చెబుతుంది. మరి ఊపిరి తీసుకోవడమేమిటి? వ్యాఖ్యాతలు ఇది మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పిన మాట అని సర్ది చెబుతారు. అది సరైనదే కావచ్చు. కానీ సర్దుబాటు తొందరలో అసలు సంగతి చేజారుతుంది. దాసి కొడుకు ఊపిరికి వాడిన మాటనే గ్రంథం ఎంచి దేవుడి విశ్రాంతికి వాడింది. సమాజంలో అందరికన్నా అట్టడుగున ఉన్నవాడి ఊపిరీ సృష్టికర్త ఊపిరీ ఒకే క్రియలో కలిశాయి. ఆ రెండు కారణాలు, సృష్టి ఒకటి, దాస్యవిముక్తి ఒకటి, వేరు వేరు అని ఇక అనిపించదు.

ఇది తెలిశాక ప్రవక్తల కోపం కర్మకాండకు బయటి నుంచి వచ్చింది కాదని, విశ్రాంతిదినపు ఆజ్ఞ లోపలి నుంచే వచ్చిందని అర్థమవుతుంది. ఆమోసు 8:5లోని వ్యాపారులు విశ్రాంతిదినాన్ని ఉల్లంఘించినవారు కారు. దుకాణం మూసే ఉంచారు. కానీ మనసులో ఒకటే లెక్క: ఈ రోజు ఎప్పుడు గడుస్తుంది, గోధుమలు ఎప్పుడు అమ్ముదాం, కొలత చిన్నది చేసి, తూకపురాయి పెద్దది చేసి, దొంగత్రాసుతో ఎప్పుడు మోసగిద్దాం? పేదవాణ్ణి చెప్పుల జత ఖరీదుకు కొనేసే మనిషి విశ్రాంతిదినాన ఎంత కదలకుండా కూర్చున్నా దాన్ని ఆచరించినట్టు కాదు. ఎందుకంటే ఆ రోజు పెట్టిందే ఆ పేదవాడి ఊపిరి కోసం. కనికరం ఒకవైపు, విశ్రాంతిదినం మరోవైపు అన్న త్రాసే ఇక్కడ పొరపాటు. కనికరం విశ్రాంతిదినానికి పోటీ కాదు, కారణం.

మత్తయి 12లో యేసు చేసిన పని ఇప్పుడు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. ఆకలిగొన్న శిష్యులు వెన్నులు తుంచి తిన్నారు. ఆరోపణ విశ్రాంతిదినం గురించి. అతను ఎత్తి చూపిన వచనం మాత్రం బలి గురించినది, హోషేయ 6:6. పైపైన చూస్తే ఇది సంబంధం లేని ఉదాహరణ. కానీ బలికి చెప్పిన న్యాయం విశ్రాంతిదినానికీ చెల్లుతుందని చూపడమే ఆ వాదనకు ఆయువుపట్టు. విశ్రాంతిదినం మనుషుల కోసం గాని మనుషులు విశ్రాంతిదినం కోసం కాదని మార్కు 2:27 చెప్పినదీ ద్వితీయోపదేశకాండం చెప్పిన కారణానికి దగ్గరగానే ఉంది. అది ఆజ్ఞను కొట్టివేయడం కాదు, ఆజ్ఞకు దాని కారణాన్ని గుర్తుచేయడం.

వీడని ముళ్లు

యిర్మీయా 7:22 ముందు మాత్రం ఈ వివరణలన్నీ తడబడతాయి. ఐగుప్తు నుంచి మీ పితరులను రప్పించిన రోజున దహనబలుల గురించి గాని బలుల గురించి గాని నేను వారితో చెప్పలేదు, ఆజ్ఞాపించలేదు. నా మాట వినండి అని మాత్రమే ఆజ్ఞాపించాను. ఇక్కడ ‘కంటె’ లేదు. ఇది ఇష్టాయిష్టాల గురించిన మాట కాదు, జరిగినదాని గురించిన మాట. లేవీయకాండం మొదటి ఏడు అధ్యాయాలు దీనికి నేరుగా ఎదురు నిలుస్తాయి.

పన్నెండో శతాబ్దపు యూదు తత్వవేత్త మైమొనిడీస్ ఈ వచనాన్ని సూటిగా ఎదుర్కొన్నాడు. బలులు దేవుని తొలి ఉద్దేశం కావని, చుట్టూ ఉన్న జనాల ఆరాధన పద్ధతికి అలవాటుపడిన ప్రజను మెల్లగా మళ్లించడానికి ఇచ్చిన రెండో మెట్టు అని అతని వాదం. పదమూడో శతాబ్దంలో యూదు వ్యాఖ్యాత నహ్మానిడీస్ దీన్ని గట్టిగా ఖండించాడు: హేబెలు, నోవహు బలులు అర్పించిన కాలానికి ఐగుప్తు విగ్రహారాధన ఎక్కడిది? ఇతర వ్యాఖ్యాతలు కాలక్రమాన్ని ఆశ్రయించారు. సీనాయి దగ్గర మొదటి మాట ‘నా మాట విని నా నిబంధన గైకొంటే’ (నిర్గమకాండం 19:5) అన్నదే, పది ఆజ్ఞల్లో బలి ఊసే లేదు, బలుల వివరాలు గుడారం తరువాతే వచ్చాయి అని. ఇది ఆకట్టుకుంటుంది గాని పూర్తిగా నిలవదు. పది ఆజ్ఞలు ముగిసిన వెంటనే 20:24లో బలిపీఠం, దహనబలి ప్రస్తావన ఉంది. ఐగుప్తు నుంచి బయలుదేరిన ఆ రాత్రే పస్కా గొర్రెపిల్ల ఉంది. 1878లో జర్మన్ పండితుడు వెల్‌హాజెన్ ఈ వచనాన్నీ, అరణ్యంలో నలభై ఏళ్లు నాకు బలులు తెచ్చారా అన్న ఆమోసు 5:25నూ ఆధారం చేసుకుని, యాజక ధర్మశాస్త్రం ఈ ప్రవక్తల తరువాతే రూపొందిందని వాదించాడు. అతని కాలనిర్ణయంలో చాలా భాగం మీద నేటికీ వివాదం ఉంది. అయినా ఈ వచనాన్ని మెత్తబరచకుండా యథాతథంగా విన్నవారిలో అతను ఒకడని ఒప్పుకోవాలి.

యిర్మీయా ఎక్కడ నిలబడి ఈ మాట అన్నాడో మరచిపోకూడదు. దేవాలయపు గుమ్మంలో, ఆరాధనకు లోపలికి పోతున్నవారి ఎదుట. ‘యెహోవా ఆలయం’ అని మంత్రంలా మూడుసార్లు వల్లించేవారితో, ఈ మందిరం మీకు దొంగల గుహలా కనిపిస్తోందా అని అడిగిన ప్రసంగం అది. దహనబలిని పూర్తిగా కాల్చివేయాలి, మనుషులు దాని మాంసం ముట్టరాదు. దాన్ని కూడా మీ ఇతర బలులతో కలిపేసుకుని మాంసం తినేయండి అన్నాడు ప్రవక్త. అంటే మీ బలి మీ భోజనం మాత్రమే, నాకు చేరింది ఏమీ లేదు. ఇదే గ్రంథం పదిహేడో అధ్యాయంలో విశ్రాంతిదినాన యెరూషలేము గుమ్మాల గుండా బరువులు మోయవద్దని, అలా ఆచరిస్తే జనం దహనబలులు తీసుకుని మందిరానికి వస్తారని వాగ్దానం ఉంది. ఆ భాగం యిర్మీయాదేనా అని సందేహించే పండితులూ ఉన్నారు. ఏడో అధ్యాయపు ముడి కొంత వదులవుతుంది గాని వీడిపోదు.

యాభై ఒకటో కీర్తనలో వైరుధ్యం ఒకే పేజీలో ఉంది. నీవు బలిని కోరవు, విరిగిన మనస్సే బలి అని చెప్పిన నోరే, యెరూషలేము గోడలు కట్టు, అప్పుడు కోడెలు నీ బలిపీఠం మీద అర్పిస్తారు అని ముగించింది. చివరి రెండు వచనాలు బబులోను చెరలో ఉన్న ఒక భక్తుడు చేర్చినవని స్పెయిన్ దేశపు పండితుడొకరు భావించినట్టు పన్నెండో శతాబ్దంలోనే యూదు వ్యాఖ్యాత ఇబ్న్ ఎజ్రా రాశాడు. గుడి లేనివాడి పశ్చాత్తాపం, గుడి కోసం అతని ఆశ పక్కపక్కన నిలబడ్డాయనుకుంటే ఆ కీర్తన మరింత హృదయాన్ని పట్టుకుంటుంది.

ఇక అంకెలు. విశ్రాంతిదినాన రెండు గొర్రెపిల్లలని సంఖ్యాకాండం. ఆరు గొర్రెపిల్లలు, ఒక పొట్టేలు అని యెహెజ్కేలు 46:4. ఇక్కడ రూపకం లేదు, ఆగ్రహం లేదు, శబ్దశ్లేష లేదు, ఉన్నది లెక్క. ఒకటి గుడారానికి, రెండోది రాబోయే మందిరానికి అని చెప్పవచ్చు, చెప్పారు కూడా. యెహెజ్కేలు మాటలు ధర్మశాస్త్రానికి విరుద్ధంగా ఉన్నాయని ఆ గ్రంథాన్ని పక్కన పెట్టేయబోయారని తాల్ముద్ చెబుతుంది. అప్పుడు హనన్యా బెన్ హిజ్కియా అనే పెద్ద మూడు వందల పీపాల దీపపు నూనె తెప్పించుకుని, మేడగదిలో కూర్చుని, రెంటినీ పొసగించే దాకా లేవలేదట. అతను చెప్పిన సమాధానాలేమిటో ఆ కథలో లేవు. నూనె కొలత మాత్రం మిగిలింది. యెహెజ్కేలులోని మరో బలి లెక్క దగ్గర రబ్బీ యోహనాన్ దీన్ని ప్రవక్త ఏలియా వచ్చి విడమర్చాలి అని ఊరుకున్నాడు. తెలియనిదాన్ని తెలిసినట్టు అతకబెట్టకపోవడం గొప్ప గౌరవం.

గుడి కూలిన తరువాత

క్రైస్తవ లేఖనాలు ఈ చిక్కును మరో దారిలో నడిపిస్తాయి. రక్తమే ప్రాయశ్చిత్తం చేస్తుందని లేవీయకాండం 17:11 అంటే, ఎడ్ల రక్తం, మేకల రక్తం పాపాలను తీసివేయడం అసాధ్యమని హెబ్రీయులకు రాసిన పత్రిక 10:4 అంటుంది. అందుకు అది నలభయ్యో కీర్తనను ఆధారం చేసుకుంది. హెబ్రీ మూలంలో ‘నాకు చెవులు తెరిచావు’ అన్నట్టుగా ఉన్న చోట, గ్రీకు అనువాదంలో ‘నాకొక శరీరాన్ని అమర్చావు’ అని ఉంది; పత్రిక రచయిత గ్రీకు పాఠాన్నే తీసుకుని క్రీస్తు శరీరాన్ని అంతిమ బలిగా చూపాడు. బలులు నీడ, అసలు వస్తువు వచ్చింది అన్నది ఆ పత్రిక వాదం. కొలొస్సయులకు రాసిన పత్రిక 2:16–17 పండుగ, అమావాస్య, విశ్రాంతిదినం మూడింటినీ ‘నీడ’ అంది. వారం వారం వచ్చే విశ్రాంతిదినం కూడా అందులో చేరిందా, లేక బలుల పంచాంగం మాత్రమేనా అన్నది విశ్రాంతిదినం శనివారమా ఆదివారమా అన్న వాదాలన్నిటి కింద ఇంకా రగులుతున్న ప్రశ్న. ఆ మూడు మాటల వరుస పాత నిబంధనలో తరచుగా బలుల సందర్భంలోనే వస్తుంది (1 దినవృత్తాంతములు 23:31 చూడవచ్చు). అందువల్ల రెండో అర్థాన్ని కొట్టిపారేయలేం. అయితే అదొక్కటే అర్థమని తేల్చడానికీ ఆ వరుస చాలదు.

క్రీస్తుశకం 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని నాశనం చేశారు. బలిపీఠం మీద ఎన్నడూ ఆరకూడదన్న మంట ఆరింది. శిథిలాలను చూసి, మన పాపాలకు ప్రాయశ్చిత్తం జరిగే చోటు పోయిందని విలపించిన రబ్బీ యెహోషువతో అతని గురువు యోహనాన్ బెన్ జక్కయి, మనకు దానితో సమానమైన ప్రాయశ్చిత్తం ఉంది, అది దయగల క్రియలు అన్నాడని సంప్రదాయం. అందుకు అతను చూపిన వచనం హోషేయ 6:6. మత్తయి సువార్తలో విశ్రాంతిదినపు వాదానికి వాడిన వచనమే, మరో దారిలో నడిచిన మరో సమాజానికి బలి లేని బతుకు నేర్పింది.

బలులు ఆగిపోయాయి. విశ్రాంతిదినం ఆగలేదు. యూదుల సమాజమందిరాల్లో ప్రతి విశ్రాంతిదినాన ధర్మశాస్త్రంతో పాటు ప్రవక్తల గ్రంథాల నుంచి ఒక భాగం చదువుతారు. దేవాలయ నాశనాన్ని తలచుకుని ఉపవాసముండే ఆబ్ నెల తొమ్మిదో రోజుకు ముందు వచ్చే విశ్రాంతిదినాన యెషయా మొదటి అధ్యాయం వంతు. మీ విశ్రాంతిదినాలు నేను సహించలేను అన్న వచనాన్ని, విశ్రాంతిదినానే, ఆరాధన మధ్యలో నిలబడి బిగ్గరగా చదువుతారు. విశ్రాంతిదినం, అమావాస్య తరువాతి నెల మొదటి రోజు కలిసి వచ్చినప్పుడు అదే గ్రంథపు చివరి అధ్యాయం వంతు. మొదటి అధ్యాయంలో అసహ్యమైన ఆ రెండు దినాలే అక్కడ తిరిగి వస్తాయి: ప్రతి అమావాస్యనా, ప్రతి విశ్రాంతిదినానా నా సన్నిధిలో మొక్కడానికి సమస్త శరీరులు వస్తారు (66:23). ఆ తరువాతి వచనం, గ్రంథంలో ఆఖరిది, శవాల గురించి, ఆరని అగ్ని గురించి. ఆ మాట మీద ముగించడానికి మనసొప్పక, చదివేవారు ఒక వచనం వెనక్కి వెళ్లి విశ్రాంతిదినపు వచనాన్ని మరోసారి చదివి గ్రంథం మూస్తారు.